ఇది బ్లూగ్రాసేనా? ఒక కొత్త ఆల్బమ్, కొన్ని పాత ప్రశ్నలు

2025 ఆగస్టులో మోలీ టటిల్ కొత్త ఆల్బమ్ ‘సో లాంగ్ లిటిల్ మిస్ సన్‌షైన్’ వచ్చింది. వచ్చిన దగ్గర్నుంచీ దాని మీద జరిగిన చర్చలో పాటలు బాగున్నాయా లేదా అన్నది రెండో ప్రశ్న అయిపోయింది. మొదటి ప్రశ్న, ‘ఇది అసలు బ్లూగ్రాసేనా?’ అన్నది. ఈ ప్రశ్న మనకి బాగా తెలిసిందే. ఎనభైల చివర్లో, తొంభైల మొదట్లో మన స్త్రీలు రాసిన కవితలు ఏం చెబుతున్నాయి, ఎలా చెబుతున్నాయి అని చూడ్డానికి ముందే ‘ఇది కవిత్వమేనా?’ అని అడిగారు. ఒంటి గురించి రాస్తే ‘నీలి కవిత్వం’ అన్నారు. 1993లో ఓల్గా సంపాదకత్వంలో ‘నీలి మేఘాలు’ వచ్చి ఆ రంగుకే వేరే అర్థం తెచ్చింది. ఈ సంగీతం పేరులో కూడా నీలం ఉండటం యాదృచ్ఛికమే అనుకోండి. కానీ ఆ ప్రశ్న మాత్రం యాదృచ్ఛికం కాదు.

బ్లూగ్రాస్ వినని వాళ్ళ కోసం నాలుగు మాటలు. అమెరికాలో అపలాచియన్ కొండల పాటలు, స్కాట్లండ్, ఐర్లండ్ల నుంచి వచ్చిన ఫిడేలు బాణీలు, నల్లవాళ్ళ బ్లూస్, బాంజో, చర్చి పాటలు అన్నీ కలిసి 1940లలో ఒక రూపానికి వచ్చిన సంగీతం ఇది. ఫిడేలు, బాంజో, మాండలిన్, గిటారు, నిలబెట్టి వాయించే పెద్ద బేస్ ఉంటాయి. డ్రమ్స్ ఉండవు. తాళం భారాన్ని బేసూ మాండలినూ పంచుకుంటాయి. చరణానికీ చరణానికీ మధ్య ఒక్కో వాద్యగాడు ముందుకొచ్చి తన పనితనం చూపించి వెనక్కి తగ్గుతాడు. గొంతు పైస్థాయిలో, ముక్కు మీదుగా, కొండ మీద ఒంటరిగా నిలబడి పిలిచినట్టు ఉంటుంది. కెంటకీకి చెందిన బిల్ మన్రో తన బృందానికి ‘బ్లూ గ్రాస్ బాయ్స్’ అని పేరు పెట్టుకుంటే ఆ పేరే సంగీతానికీ వచ్చింది. ‘బాయ్స్’ అన్న ముక్క మాత్రం పైకి కనిపించకుండా లోపల ఉండిపోయింది.

నిజానికి ఆ ‘బాయ్స్’లో మొదట్లోనే ఒకావిడ ఉంది. శాలీ ఆన్ ఫారెస్టర్. 1943 నుంచి 1946 దాకా మన్రో బృందంలో అకార్డియన్ వాయించింది, పాడింది, డేరా ప్రదర్శనల దగ్గర డబ్బు లెక్కలు కూడా చూసింది. 1945 ఫిబ్రవరిలో కొలంబియా కంపెనీకి చేసిన రికార్డింగుల్లో ఆమె అకార్డియన్ వినిపిస్తుంది. అదే సంవత్సరం డిసెంబరులో ఎర్ల్ స్క్రగ్స్ తన మూడువేళ్ళ బాంజోతో బృందంలో చేరాడు. చరిత్ర రాసినవాళ్ళు ఎక్కువమంది ‘అసలు బ్లూగ్రాస్’ అక్కడి నుంచి మొదలైందన్నారు. స్క్రగ్స్ బాంజో గొప్పదే, అందులో వాదన లేదు. కానీ గీత అక్కడ గీయడంతో అకార్డియనూ, దాన్ని వాయించిన మనిషీ గీతకి అవతలే ఉండిపోయారు. నావికాదళంలోకి వెళ్ళిన ఫిడేలు వాద్యగాడి భార్య కాబట్టి ఊరికే తీసుకున్నారులే అని ఒక మాట కూడా ప్రచారంలోకి వచ్చింది. బాంజో కళాకారిణి మర్ఫీ హిక్స్ హెన్రీ 2013లో రాసిన పుస్తకం ఈ కథని తవ్వి తీసింది. ఆ పుస్తకం పేరుకి ‘ఆడపిల్ల అయినా బాగానే వాయిస్తుందే’ అని అర్థం. ఈ రంగంలో ఆడవాళ్ళు తరాలుగా విన్న మెచ్చుకోలు అది. ‘ఆడవాళ్ళయినా బాగానే రాశారండీ’ అని సభల్లో విన్నవాళ్ళకి ఆ పుస్తకం పేరు విడమరిచి చెప్పక్కర్లేదు.

ఏది అసలైనదో తేల్చే కొలబద్దని, ఒక స్త్రీని బయట పెట్టిన తర్వాత తయారుచేశారు. ఇప్పుడు అదే కొలబద్ద పెట్టి ఇంకో స్త్రీని కొలుస్తున్నారు. ఈ ఆల్బమ్ మీద వచ్చిన స్పందన గురించి నేను చెప్పదలచుకున్నది ముఖ్యంగా ఇది.

మోలీ టటిల్ బయటినుంచి వచ్చిన మనిషేమీ కాదు. తాత ఇల్లినాయ్‌లో రైతు, బాంజో వాయించేవాడు. తండ్రి జాక్ టటిల్ కాలిఫోర్నియాలో బ్లూగ్రాస్ నేర్పే గురువు. ఆమె చిన్నప్పుడే గిటారు పట్టింది. బాంజోలో గోళ్ళతో కిందికి కొడుతూ వాయించే పాతకాలం పద్ధతిని గిటారు మీదికి తెచ్చింది. అంతర్జాతీయ బ్లూగ్రాస్ సంఘం 1990 నుంచి ఏటా ఉత్తమ వాద్యకారులకి బహుమతులిస్తోంది. గాయనులకి విడిగా బహుమతి ఉంది కాబట్టి ఆడగొంతుకి మొదటినుంచీ చోటుంది. వాద్యాల సంగతి వేరు. బాంజోకి 1991లో ఆలిసన్ బ్రౌన్, బేస్‌కి 1998లో మిస్సీ రెయిన్స్, మాండలిన్‌కి 2016లో సియెరా హల్, ఫిడేలుకి అదే ఏడాది బెకీ బుల్లర్. గిటారుకి మాత్రం 2017 దాకా ఒక్క స్త్రీ పేరూ లేదు. ఆ ఏడు వచ్చిన పేరు మోలీ టటిల్‌ది. తర్వాత ‘క్రుకెడ్ ట్రీ’ (2022), ‘సిటీ ఆఫ్ గోల్డ్’ (2023) ఆల్బమ్‌లకి వరసగా రెండేళ్ళు బ్లూగ్రాస్ గ్రామీలు వచ్చాయి.

ఆ రెండు ఆల్బమ్‌లూ వాయిద్యాల పొందికలో పక్కా సంప్రదాయం. చెప్పిన విషయాల్లో కాదు. ఈ సంగీతంలో హత్యల పాటలని ఒక పెద్ద కోవ ఉంది. ‘ప్రెటీ పాలీ’, ‘నాక్స్‌విల్ గర్ల్’, ‘బ్యాంక్స్ ఆఫ్ ది ఒహాయో’, ‘ఓమీ వైజ్’ లాంటివి. ఎక్కువ పాటల్లో కథ ఒకటే. ప్రేమించినవాడు పిల్లని షికారుకని తీసుకెళ్ళి చంపేస్తాడు. తరచూ ఆమె నదిలో తేలుతుంది. ఓమీ వైజ్ కల్పన కూడా కాదు, 1800ల మొదట్లో నార్త్ కరోలినాలో ప్రాణం పోగొట్టుకున్న నయోమీ వైజ్ అనే అమ్మాయి. ఈ పాటలు ఎంత మధురమైన బాణీల్లో ఉంటాయంటే, పల్లవి అందరూ కలిసి పాడేస్తారు. పేరంటాల్లో ‘కామమ్మ కథ’ పాడుకుంటూ చితి దాకా వెళ్ళొచ్చిన మన అమ్మమ్మలకి ఈ మాధుర్యం సంగతి తెలుసు. ‘క్రుకెడ్ ట్రీ’లో ‘ది రివర్ నోస్’ అనే పాట ఈ కోవలోదే, కానీ అందులో నదికి తెలిసిన రహస్యం వేరు. చంపింది ఆమె. ‘సైడ్ శాడిల్’లో గుర్రం మీద ఆడవాళ్ళలా రెండు కాళ్ళూ ఒకే పక్కకి పెట్టి కూర్చోనంటుంది ఓ పిల్ల. అమెరికా సుప్రీంకోర్టు 2022 జూన్‌లో గర్భస్రావం హక్కుని కొట్టేసిన మరుసటేడు వచ్చిన ‘సిటీ ఆఫ్ గోల్డ్’లో ‘గుడ్‌బై మేరీ’ ఆ వేదననే పాడుతుంది. ఇవన్నీ పాడినా ఎవరూ ‘ఇది బ్లూగ్రాసేనా’ అనలేదు. బాంజో ఉంది, ఫిడేలు ఉంది, డ్రమ్స్ లేవు. మాటలు ఎవరు వింటారులే అనుకున్నారో, విని కూడా వాయిద్యాల ముఖం చూసి ఊరుకున్నారో!

2025లో ఆమె తన ‘గోల్డెన్ హైవే’ బృందాన్ని ముగించి, నాష్‌విల్‌లో కంట్రీ, రాక్ రికార్డులు చేసే జే జాయిస్ నిర్మాణంలో ఈ కొత్త ఆల్బమ్ చేసింది. పన్నెండు పాటలు. డ్రమ్స్ ఉన్నాయి, ధ్వనిలో పొరలున్నాయి, పాప్ పల్లవులున్నాయి. గిటారు ఆమెదే, బాంజో కూడా పట్టింది. అట్ట మీద రకరకాల విగ్గులతో రకరకాల మోలీలు, ఒక మోలీకి విగ్గే లేదు. మూడేళ్ళ వయసులో అలోపీషియా వల్ల ఆమె జుట్టు రాలిపోయింది. కొన్నేళ్ళుగా ఆ సంగతి దాచడం మానేసింది. రంపపు మిల్లు వంకర చెట్టు జోలికి రాదు అనే అర్థం వచ్చే ‘క్రుకెడ్ ట్రీ’ పాట పాడుతూ వేదిక మీదే విగ్గు తీసేసిన సందర్భాలున్నాయి.

ఇక్కడ శ్రోతల స్పందనలో నాకు విచిత్రంగా తోచిన విషయం ఒకటి ఉంది. బోడి తలని అందరూ మెచ్చుకున్నారు. ధైర్యం అన్నారు, స్ఫూర్తి అన్నారు. సంప్రదాయవాదులు కూడా లేచి చప్పట్లు కొట్టారు. వాళ్ళు ఒప్పుకోలేనిది డ్రమ్స్‌ని! జుట్టు లేకపోవడం ఆమెకి జరిగినది. డ్రమ్స్ ఆమె తెచ్చుకున్నవి. జరిగినదాన్ని భరించిన స్త్రీకి సానుభూతి పుష్కలంగా దొరుకుతుంది. తనకి కావలసినది తెచ్చుకున్న స్త్రీని మాత్రం ‘ఎందుకు తెచ్చుకున్నావు?’ అని నిలదీస్తారు. ఆడవాళ్ళ జుట్టు చుట్టూ మనకున్న చరిత్ర తక్కువేమీ కాదు. వితంతువుల తలలు గొరిగించిన సమాజం మనది. తిరుమల కళ్యాణకట్టలో మన ఆడవాళ్ళు మొక్కుగా ఇచ్చిన జుట్టు వేలంలో అమ్ముడై ప్రపంచమంతటా విగ్గుల వ్యాపారంలోకి వెళుతుంది. పోగొట్టుకున్న జుట్టుకీ, తీసేసిన జుట్టుకీ, ఇచ్చేసిన జుట్టుకీ తేడా మనకి బాగా తెలిసుండాలి.

మగవాళ్ళు హద్దు దాటలేదా అంటే, దాటారు. వాళ్ళూ తిట్లు తిన్నారు, కాదనను. ఆస్‌బర్న్ సోదరులు వాద్యాలకి కరెంటు పెట్టి డ్రమ్స్ తెచ్చినప్పుడు గొడవైంది. ఫ్లాట్‌తో విడిపోయాక ఎర్ల్ స్క్రగ్సే 1969లో తన కొడుకులతో బృందం కట్టి రాక్ వైపు వెళ్ళాడు. 1970ల మొదట్లో శామ్ బుష్ వాళ్ళు జుట్టు పెంచుకుని ‘న్యూ గ్రాస్ రివైవల్’ అన్నారు. కానీ ఆ తిట్ల తర్వాత ఏం జరిగిందో చూడండి. వాళ్ళు వెళ్ళిన చోటికి పేరు పెట్టారు. ‘న్యూగ్రాస్’ అన్నారు, ‘ప్రోగ్రెసివ్ బ్లూగ్రాస్’ అన్నారు, తర్వాత ‘జామ్‌గ్రాస్’ అన్నారు. హద్దు దాటిన ప్రతిసారీ గ్రాస్ అన్న మాట వాళ్ళ వెంటే నడిచింది. పొలం విస్తరించింది. ఆమె నాలుగడుగులు వేస్తే మాత్రం పాప్ అన్నారు. పుట్టింటి నుంచి పంపేసినట్టు! కొడుకు వేరే ఊళ్ళో ఇల్లు కట్టుకుంటే వంశం విస్తరించినట్టు, కూతురు కట్టుకుంటే ఇల్లు మారినట్టు.

నేనుండేది నార్త్ కరోలినాలో, రాలీ పక్కనున్న కేరీలో. తెలుగువాళ్ళు చాలామంది ఉన్న ఊరు. 2013 నుంచి 2024 వరకు బ్లూగ్రాస్ సంఘం వారి పెద్ద ఉత్సవం రాలీలో జరిగేది, 2025లో టెన్నెసీకి తరలిపోయింది. మా ఇళ్ళల్లో చాలామందికి అది కార్లు మళ్ళించే వారాంతం మాత్రమే. నేను చిన్నప్పుడు ఏడేళ్ళు కర్ణాటక వయొలిన్ నేర్చుకుని వదిలేసినదాన్ని. ఆ వయొలిన్ పట్టుకుని ఇక్కడ ఒక వాద్యాల దుకాణం వెనక గదిలో వారానికోసారి కూడే గుంపులోకి వెళుతుంటాను. గుండ్రంగా కూర్చుంటాం. వంతు వచ్చినవాళ్ళు పాట పేరూ శ్రుతీ చెప్పి మొదలుపెట్టాలి.

శ్రుతి దగ్గరే అసలు విషయం ఉంటుంది. ఈ పాటలన్నీ మగగొంతుల శ్రుతుల్లో, జీలో, ఏలో, బీలో స్థిరపడ్డాయి. బిల్ మన్రో ఆడవాళ్ళు పాడే ఎత్తులో పాడేవాడు, ఆ ప్రయాసలోంచి వచ్చిన అందమే ఈ సంగీతానికి ప్రాణమన్నారు. అదే ఎత్తులో ఆడమనిషి పాడితే ప్రయాస వినబడదు, అందుకని అది లెక్కలోకి రాదు. ఆమె తన గొంతుకి తగినట్టు ఎఫ్ అనో డి అనో అంటే గుంపులో సర్దుబాటు మొదలవుతుంది. బాంజోకీ గిటారుకీ కాపో బిగిస్తే పనైపోతుంది. ఫిడేలూ మాండలినూ వేళ్ళు మార్చుకోవాలి. కొందరు మార్చుకుంటారు. కొందరు ఆ పాట అయ్యేదాకా కాఫీకి లేస్తారు. మన కచేరీల్లో గాయని శ్రుతికి వేరే మృదంగం తెచ్చుకోవాలి. ఒకప్పుడు కొందరు మృదంగ విద్వాంసులు ఆడవాళ్ళకి వాయించేవాళ్ళే కాదు. కాఫీకి లేచే మనుషులు అక్కడా ఇక్కడా ఉన్నారు, దానికి శాస్త్రం అని పేరు పెట్టుకుంటారు.

ఆ గుంపులో డెబ్బై దాటిన ఒకావిడ బేస్ వాయిస్తుంది. పడమటి కొండల్లో పుట్టిన మనిషి. పెళ్ళయ్యాక భర్త బృందానికి బేస్ కావాలి కాబట్టి బేస్ నేర్చుకుంది. కుటుంబ బృందాల్లో భార్యలకి ఎక్కువగా దక్కిన చోటు అది. వెనక నిలబడాలి, తాళం పట్టాలి, ముందుకు రాకూడదు. బిల్ మన్రో రికార్డింగుల్లో కూడా 1950లనుంచి పదేళ్ళకి పైగా బెస్సీ లీ మాల్డిన్ బేస్ వాయించింది, ఆ రికార్డులు ఇళ్ళల్లో పెట్టుకున్నవాళ్ళలో ఎంతమందికి ఆ పేరు తెలుసు? మా గుంపులో ఈ ఆల్బమ్‌ని మగవాళ్ళు విసుక్కుంటుంటే ఆవిడ నా వైపు ఉంటుందనుకున్నాను. ఆవిడ అందరికంటే ఎక్కువ కోపంగా ఉంది. డ్రమ్స్ గురించి కాదు. ఆ గదిలోకి ఒక ఆడపిల్ల గిటారు పట్టుకుని వచ్చి నడిమధ్య కూర్చోడానికి ఇన్నేళ్ళు పట్టింది, కూర్చున్నాక లేచి వెళ్ళిపోతే ఆ కుర్చీలో మళ్ళీ ఎవరు కూర్చుంటారు అని ఆవిడ బాధ. ఆమెని చూసి గిటారు నేర్చుకుంటున్న పిల్లలు ఇప్పుడు ఎవరిని చూడాలి అంది.

ఈ మాటకి నా దగ్గర తేలిక జవాబు లేదు. మగవాళ్ళ మాటలకైతే చరిత్ర చెప్పొచ్చు. ఆవిడే చరిత్ర. హేజెల్ డికెన్స్, ఆలిస్ జెరార్డ్ 1965లో తమ మొదటి ఆల్బమ్ తెచ్చినప్పుడు ఇద్దరు ఆడవాళ్ళు ముందు నిలబడి బ్లూగ్రాస్ పాడటమే అపురూపం. వెస్ట్ వర్జీనియా బొగ్గుగనుల కుటుంబం నుంచి వచ్చిన డికెన్స్ బార్లలో కూర్చున్న ఆడవాళ్ళని ఈసడించే మగవాళ్ళని నిలదీస్తూ పాట కట్టింది. ‘హార్లన్ కౌంటీ యూఎస్ఏ’ (1976) సినిమాలో గని కార్మికుల సమ్మెకి ఆమె గొంతు అరువిచ్చింది. ఆమె ఎక్కడికీ వెళ్ళలేదు. 2011లో పోయేదాకా అదే పాట, అదే గొంతు. ఉండిపోవడంలో కూడా తిరుగుబాటు ఉందని ఆమెని చూస్తే తెలుస్తుంది. కాబట్టి వెళ్ళడమే స్వేచ్ఛ అని నేను అనను.

కానీ కుర్చీని కాపాడే బాధ్యత ఎప్పుడూ ఆ ఒక్కదాని మీదే ఎందుకు పడుతుంది? మగ గిటారు వాద్యగాడు గది విడిచి వెళితే కుర్చీ ఖాళీ అయిందని ఎవరూ కంగారు పడరు, పక్కన ఇంకో ఇరవైమంది ఉంటారు. ఒక్కతే ఉన్నప్పుడే ఆమె కళ అందరి ఆస్తి అవుతుంది. మన దగ్గరా ఇది జరగలేదా? స్త్రీవాద కవయిత్రిగా పేరు తెచ్చుకున్నావిడ చెట్ల మీదో, తండ్రి మీదో, డిటెక్టివ్ నవలో రాస్తే మనమే కదా ముందు కనుబొమలు ఎగరేసింది? ‘నేను రచయితని, ముందు అలా చదవండి’ అన్నవాళ్ళని మన సభల్లో మనం ఎలా చూశాం? నన్నూ కలుపుకునే అంటున్నాను. ‘నల్లపొద్దు’ లాంటి సంకలనం వచ్చి, మనం గీసిన ‘స్త్రీ’ అనే గీతకి అవతల దళిత స్త్రీలు ఎంతమంది ఉండిపోయారో చూపించేదాకా మన కొలబద్ద కూడా మనకి సహజంగానే కనిపించింది. బ్లూగ్రాస్‌లోనూ అంతే. 2017లో ఇదే రాలీలో రియానన్ గిడెన్స్ సంఘం సభ్యుల ముందు నిలబడి, బాంజో ఆఫ్రికా నుంచి వచ్చిన నల్లవాళ్ళ వాద్యమని, ఈ సంగీతం పుట్టుకలో వాళ్ళ చెయ్యి ఉందని గుర్తు చేసింది. బిల్ మన్రో కుర్రతనంలో నల్లజాతి వాద్యగాడు ఆర్నాల్డ్ షుల్జ్ దగ్గర చాలా విని నేర్చుకున్నాడు. ‘అసలైనది’ అన్న మాట వినిపించిన చోటల్లా ఎవరో ఒకరు బయట నిలబడి ఉంటారు.

ఇదంతా చెప్పి ఆల్బమ్ ఎలా ఉందో చెప్పకపోతే నేనూ ఆ మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోయినట్టవుతుంది.

నాకు సగం ఆల్బమ్ నచ్చింది. మొదటి పాట ‘ఎవ్రీథింగ్ బర్న్స్’లో చీకటి ఉంది, వేగం ఉంది, ఆమె గిటారుకి పళ్ళున్నాయి. ‘ఓల్డ్ మీ (న్యూ విగ్)’ సరదాగా మొదలై, పాత భయాల్ని పాత విగ్గుల్లా తీసి పక్కన పెట్టే పాట. తన దేహం గురించి జాలి అడక్కుండా నవ్వుతూ పాడటం ఎంత కష్టమో రాసేవాళ్ళకి తెలుసు. ఐకోనా పాప్, చార్లీ ఎక్స్‌సీఎక్స్ 2012లో అరిచి పాడిన ‘ఐ లవ్ ఇట్’ని అరుపు తగ్గించి లోపలికి తిప్పి పాడింది. అరుపు పోయేసరికి ఆ పాటలో ఉన్నది సంతోషం కాదు, విరిగిపోవడం అని తెలుస్తుంది. పాటని తిరగేసి చూపించడమంటే ఇది. సాంప్రదాయ హత్యల పాటకి ‘ది రివర్ నోస్’లో చేసిన పనే ఇక్కడ ఒక డాన్సు పాటకి చేసింది. వాయిద్యాలు మారాయి గానీ ఆ చూపు మారలేదు.

నచ్చనివీ ఉన్నాయి. ‘ది హైవే నోస్’, ‘గోల్డెన్ స్టేట్ ఆఫ్ మైండ్’ వింటున్నంతసేపూ హాయిగా ఉంటాయి, అయిపోయాక ఏమీ మిగలవు. దారులు, ఎండ, ప్రేమ, కాలిఫోర్నియా. ఇలాంటి పాటలు నాష్‌విల్‌లో రోజుకి పది తయారవుతాయి. నిర్మాత పెట్టిన మెరుగు ఈ పాటల్లో ఆమె పదును మీద కూడా పడింది. తన జీవితం గురించి చెప్పే చివరి పాట ‘స్టోరీ ఆఫ్ మై సో-కాల్డ్ లైఫ్’ నిజాయితీగా ఉంది గానీ, సంఘటనలు వరసగా పేర్చిన నిజాయితీ అది. మన ఆత్మకథాత్మక కథల్లో కూడా ఈ బలహీనత చూస్తుంటాం, జరిగింది కాబట్టి కథ అయిపోతుందన్న నమ్మకం. ‘గుడ్‌బై మేరీ’లో ఇంకొకామె కథ చెబుతూ ఆమె చేరుకున్న లోతు ఇక్కడ తన కథలో దొరకలేదు. ఆ లోతు పోవడానికి కారణం డ్రమ్స్ కాదు. ఆ పాటని గిటారూ గొంతుతో మాత్రమే ఊహించుకుని చూశాను. అప్పుడు కూడా రెండో చరణం దగ్గర పట్టు సడలుతూనే ఉంది.